శత్రువుతో మాటలకు కూర్చునే నాయకుడికి ఏం ఉండాలి? రెడ్ క్లౌడ్ చరిత్ర చెప్పేది

  పోస్టు కొంచెం పొడవు. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

ఈ మధ్య మా హాస్టల్లో నలుగురు కూర్చుంటే చాలు, దేశాల గొడవల మీదికే మాట పోతోంది. శత్రు దేశంతో మాటలకు కూర్చునే నాయకుడు ఎలాంటివాడై ఉండాలి? కొందరు బలం అంటారు. వెనక సైన్యం, లోపల గట్టి గుండె ఉంటేనే అవతలివాడు వింటాడని వాళ్ళ మాట. ఇంకొందరు అనుభవం అంటారు. ఎంత బలం ఉన్నా తెలియక సంతకం పెడితే గెలిచింది కూడా పోతుందని వాళ్ళ వాదన. రెండు పక్కలా చెప్పే పేర్లన్నీ పెద్ద దేశాల అధ్యక్షులవి, ప్రధానులవి. మనలాంటి వాళ్ళు ఒక పెద్ద దేశంతో మాటలకు కూర్చున్నప్పుడు ఏం జరిగిందో చూస్తే జవాబు ఇంకా బాగా దొరుకుతుందని మాకు అనిపించింది.

మనిషి పేరు రెడ్ క్లౌడ్. సొంత భాషలో మఖ్పియా లూటా, అంటే ఎర్ర మబ్బు. అమెరికా ఆదివాసుల్లో లకోటా జాతి, అందులో ఒగ్లాలా తెగ. అమెరికా సైన్యం కట్టిన కోటల్ని ఆ సైన్యం చేతే ఖాళీ చేయించి, ఆ తర్వాతే ఒప్పందం మీద గుర్తు పెట్టిన నాయకుడు. అంత గెలిచిన మనిషి, తొమ్మిదేళ్ళు తిరిగేసరికి ఆ ఒప్పందం కాపాడాల్సిన కొండలు పోవడం కళ్ళారా చూశాడు. ఎందుకిలా జరిగింది? బలం తక్కువైందా, అనుభవం తక్కువైందా?

ఒక తెగకూ ప్రభుత్వానికీ మధ్య గొడవని "దేశాల మధ్య మాటలు" అనొచ్చా అని ఎవరైనా అడగొచ్చు. అనొచ్చు. అప్పట్లో అమెరికా కూడా అలాగే అనుకుంది. ఫ్రాన్స్‌తో, బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందాల్లాగే ఆదివాసీ జాతులతో చేసుకున్నవి కూడా సెనేట్‌కు వెళ్ళేవి. మూడింట రెండు వంతుల మంది ఆమోదించాలి. అప్పుడే చెల్లుతాయి. 1871 దాకా ఇదే పద్ధతి.

మొదటి పాఠం 1851లోనే

1851లో ఫోర్ట్ లారమీ దగ్గర మైదాన ప్రాంత తెగలు చాలా కలిశాయి. సుమారు 10,000 మంది వచ్చారని చెబుతారు. పడమటికి పోయే బండ్లకు దారి ఇవ్వండి, మధ్యలో కోటలు కట్టుకోనివ్వండి, బదులుగా ఏటా 50,000 డాలర్ల విలువైన సరుకులు 50 ఏళ్ళ పాటు ఇస్తాం అన్నారు అమెరికా అధికారులు. నాయకులు గుర్తులు పెట్టారు. తర్వాత కాగితం సెనేట్‌కు పోయింది. అక్కడ 50 ఏళ్ళు కాస్తా 10 ఏళ్ళు అయ్యాయి.

అంటే బల్ల దగ్గర మాట ఇచ్చినవాడి చేతిలో పని లేదు. అతని వెనక ఇంకో గది ఉంది, ఆ గదిలో మాట మారుతుంది. ఇది లకోటాలకు కొత్త. వాళ్ళ దగ్గర మాట ఇచ్చిన మనిషే మాట నిలబెట్టుకోవాలి. ఇంకో తేడా కూడా ఉంది. లకోటాలకు రాజు అంటూ లేడు. ఒక నాయకుడు ఒప్పుకుంటే అతని వెంట ఉన్నవాళ్ళే ఒప్పుకున్నట్టు. పక్క గుంపుకి ఆ మాటతో సంబంధం లేదు. అమెరికా అధికారులకు ఇది అర్థం కాలేదో, అర్థం కానట్టు ఉన్నారో గానీ, దొరికిన నలుగురి చేత గుర్తు పెట్టించుకుని జాతి అంతా ఒప్పుకుందని రాసుకునేవాళ్ళు.

1866: అడుగుతుండగానే ఆక్రమణ

1860ల మొదట్లో మోంటానాలో బంగారం దొరికింది. అక్కడికి దగ్గరి దారి అని జాన్ బోజ్మన్ అనే అతను ఒక బాట కనిపెట్టాడు. ఆ బాట పౌడర్ నది లోయ గుండా పోతుంది. లకోటాలకు మిగిలిన మంచి వేట నేల అదే. బైసన్ మందలు తిరిగేది అక్కడే. బైసన్ అంటే మన అడవిదున్నకు దూరపు చుట్టం లాంటి జంతువు. తిండి, గుడారం, దుప్పటి, పనిముట్లు అన్నీ దాని నుంచే. మనకు ఇప్పచెట్టు, వెదురు, పోడు నేల కలిపితే ఎంతో, వాళ్ళకు బైసన్ ఒక్కటే అంత.

1866 జూన్‌లో మళ్ళీ ఫోర్ట్ లారమీలో సభ పెట్టారు. బాటకు అనుమతి ఇవ్వమని అడగడానికి. రెడ్ క్లౌడ్ కూడా వచ్చాడు. మాటలు నడుస్తుండగానే కల్నల్ హెన్రీ క్యారింగ్టన్ సుమారు 700 మంది సైనికులతో అక్కడికి దిగాడు. ఎందుకొచ్చావంటే, ఆ బాట మీద కోటలు కట్టడానికి అన్నాడు. ఒక గదిలో అనుమతి అడుగుతున్నారు, బయట అనుమతి దొరికినట్టే సామాను దించుతున్నారు. రెడ్ క్లౌడ్ లేచి వెళ్ళిపోయాడు.

మా వాదనలో బలం పక్షం వాళ్ళు ఇక్కడ ఒకటి గమనించాలి. లేచి వెళ్ళిపోవడం కూడా మాటల్లో భాగమే. కానీ లేచి వెళ్ళేవాడికి వెళ్ళడానికి చోటు ఉండాలి. రెడ్ క్లౌడ్‌కు పౌడర్ నది లోయ ఉంది, బైసన్ ఉంది, గుర్రాలు ఉన్నాయి, ఉత్తర షయాన్, అరాపహో తెగల స్నేహం ఉంది. రేపటి తిండి కోసం అవతలివాడి మీద ఆధారపడలేదు. అందుకే లేవగలిగాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రెండేళ్ళ యుద్ధం

సైన్యం ఫోర్ట్ రెనో, ఫోర్ట్ ఫిల్ కియర్నీ, ఫోర్ట్ సి.ఎఫ్. స్మిత్ అని మూడు కోటలు నిలబెట్టింది. లకోటాలు, షయాన్లు, అరాపహోలు వాటిని ఎదురుగా పోయి కొట్టలేదు. కట్టెలకు పోయే బండ్లను, మేతకు పోయే పశువులను, ఉత్తరాలు తీసుకుపోయే మనుషులను ఆపారు. కోట లోపల ఉన్నవాడికి కోటే జైలు అయ్యింది.

1866 డిసెంబర్ 21న కెప్టెన్ విలియం ఫెటర్మన్ దండుతో బయటికి వచ్చాడు. కొద్దిమంది లకోటాలు పారిపోతున్నట్టు నటించి కొండ అవతలికి లాక్కెళ్ళారు. అక్కడ వందల మంది కాచుకుని ఉన్నారు. ఫెటర్మన్‌తో కలిపి 81 మంది చనిపోయారు. ఒక్కడు కూడా తిరిగి రాలేదు. మైదానాల్లో అమెరికా సైన్యానికి అప్పటిదాకా అంత పెద్ద ఓటమి లేదు.

అయితే కథ ఒక పక్కే చెప్పకూడదు. 1867 ఆగస్టు 2న ఫిల్ కియర్నీ దగ్గర ఇంకో పోరు జరిగింది. బండ్ల పెట్టెలను గుండ్రంగా పెట్టుకుని కొద్దిమంది సైనికులు వందల మందిని ఆపేశారు. కారణం కొత్త తుపాకులు. గొట్టం వెనక నుంచి తూటా పెట్టి గబగబా కాల్చేవి. అప్పటికి లకోటాల్లో చాలామంది చేతుల్లో ఉన్నవి విల్లంబులే. అంటే గెలుస్తున్న ఏడాదిలోనే అవతలివాడి బలం పెరుగుతోంది.

అమెరికా ఎందుకు దిగివచ్చింది?

1867 జూలైలో అమెరికా పార్లమెంటు ఒక శాంతి కమిషన్ వేసింది. ఆ కమిషన్ రమ్మని కబురు పెట్టింది. రెడ్ క్లౌడ్ రాలేదు. కోటలు తీసేస్తే యుద్ధం ఆగుతుంది, తీయకపోతే ఆగదు అని కబురు పంపాడు. షరతు ఒక్కటే, చిన్న పిల్లవాడికి కూడా అర్థమయ్యే షరతు. 1868 ఏప్రిల్‌లో కాగితం తయారైంది. కొందరు నాయకులు ఏప్రిల్ 29న గుర్తులు పెట్టారు. రెడ్ క్లౌడ్ పెట్టలేదు. ఆ వేసవిలో సైన్యం మూడు కోటలూ వదిలి వెళ్ళింది. ఖాళీ అయిన కోటలకు లకోటాలు, షయాన్లు నిప్పు పెట్టారు. ఆ తర్వాత కూడా రెడ్ క్లౌడ్ పరుగెత్తలేదు. ముందు వేటకు పోయి చలికాలానికి మాంసం చేసుకుని, నవంబర్‌లో ఫోర్ట్ లారమీకి వచ్చాడు. నవంబర్ 6న, నేల మీది దుమ్ముతో చేతులు రుద్దుకుని, కాగితం మీద గుర్తు పెట్టాడు.

ఇక్కడిదాకా చూస్తే బలం పక్షం గెలిచినట్టే. కానీ అవతలి పక్షం ఏం లెక్క వేసుకుందో కూడా చూడాలి. అంతర్యుద్ధం అయిపోయి అప్పులు మిగిలాయి. ఆ దారిని కాపలా కాయడానికి అయ్యే ఖర్చు ఎక్కువ. దక్షిణాన యూనియన్ పసిఫిక్ రైలు పట్టాలు పడమటికి పరుగెడుతున్నాయి. 1869 మే 10న ఆ రైలు మార్గం పూర్తయింది. రైలు వస్తే మోంటానాకు వేరే దారి దొరుకుతుంది, ఈ బాటతో పని తక్కువ. అంటే అమెరికా ఓడిపోయిందని ఒప్పుకుని కోటలు వదల్లేదు. ఇప్పటికి ఇది ఖరీదైన బేరం, తర్వాత చూద్దాం అనుకుని వదిలింది.

రెడ్ క్లౌడ్ బలం ఆ లెక్కను మార్చింది, అందులో అబద్ధం లేదు. యుద్ధం లేకపోతే ఖర్చు ఉండేది కాదు. కానీ శత్రువు మన బలం చూసి ఆగాడా, తన సౌకర్యం చూసుకుని ఆగాడా అన్నది తెలుసుకోవడం నాయకుడికి చాలా ముఖ్యం. సౌకర్యం చూసుకుని ఆగినవాడు సౌకర్యం చూసుకునే మళ్ళీ వస్తాడు.

కాగితంలో ఏముంది?

1868 ఒప్పందంలో లకోటాలకు దక్కినవి చిన్నవి కావు. మిస్సోరీ నదికి పడమట, ఇప్పటి దక్షిణ డకోటా రాష్ట్రంలో సగం దాకా నేల వాళ్ళదే అని రాశారు. నల్ల కొండలు, అంటే బ్లాక్ హిల్స్, అందులోనే ఉన్నాయి. లకోటాలకు అవి దేవుడి కొండలు. పౌడర్ నది వైపు నేలలో తెల్లవాళ్ళు స్థిరపడకూడదు, కోటలు తీసేయాలి అని 16వ అధికరణం.

కానీ అదే కాగితంలో ఇంకా చాలా ఉంది. రిజర్వేషన్ బయటి నేల మీద శాశ్వత హక్కు వదులుకుంటున్నాం అని ఉంది. వేట హక్కు బైసన్లు వేటకు సరిపడా ఉన్నంత కాలమే అని ఉంది. రైలు మార్గాలకు అడ్డు రాకూడదని ఉంది. ప్రభుత్వ ఏజెన్సీ, అంటే రేషనూ సరుకులూ ఇచ్చే చోటు, మిస్సోరీ ఒడ్డున ఉంటుందని ఉంది. అది ఒగ్లాలాల వేట నేలకు చాలా దూరం. కుటుంబానికి 320 ఎకరాలు వ్యవసాయానికి తీసుకోవచ్చు, పిల్లల్ని బడికి పంపాలి అని ఉంది.

రెడ్ క్లౌడ్‌కు ఇంగ్లీషు రాదు. దుబాసీ చెప్పిందే వినాలి. దుబాసీ ఏది గట్టిగా చెప్పాడో, ఏది మింగేశాడో ఎవరికి తెలుసు? రెడ్ క్లౌడ్ మనసులో ఒప్పందం అంటే కోటలు పోవడం, లోయ మిగలడం. అవతలి పక్షం మనసులో ఒప్పందం అంటే వేటగాళ్ళను నెమ్మదిగా రైతులుగా మార్చి ఒక గీత లోపల కూర్చోబెట్టడం. ఒకే కాగితం మీద రెండు ఒప్పందాలు.

మన ఇళ్ళల్లో ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మా తాతల తరంలో కాగితం అంటే వేలిముద్ర. రాసినవాడు ఏం చదివి వినిపించాడో అదే కాగితంలో ఉందని నమ్మారు. ఇంటి నుంచి మొదటిసారి కాలేజీకి వచ్చిన మాలాంటి పిల్లలకు సెలవుల్లో ఊరికి పోతే మొదటి పని పాత కాగితాలు చదివి పెట్టడమే. ఇనప్పెట్టెలోంచి తీసి చేతిలో పెడతారు, "ఏముందో చూడు బాబూ" అని.

1870: వాషింగ్టన్ ప్రయాణం

1870 జూన్‌లో రెడ్ క్లౌడ్ వాషింగ్టన్ వెళ్ళాడు. అధ్యక్షుడు గ్రాంట్‌ను కలిశాడు. ఆదివాసీ వ్యవహారాల కమిషనర్‌గా అప్పుడు ఉన్నది ఈలై పార్కర్. ఆయన సెనెకా జాతి ఆదివాసి. ఆ పదవికి వచ్చిన మొదటి ఆదివాసి ఆయనే. వచ్చినవాళ్ళకు ఆయుధాగారం చూపించారు, పెద్ద ఫిరంగులు చూపించారు. మర్యాద చేసినట్టూ ఉంటుంది, మేమెంతమందిమో చూసుకో అని చెప్పినట్టూ ఉంటుంది. ఆ ఏడాది జనాభా లెక్కల్లో అమెరికా జనం 3 కోట్ల 85 లక్షలు. లకోటాలు వేలల్లోనే.

అక్కడ ఇంటీరియర్ శాఖ మంత్రి జేకబ్ కాక్స్ 1868 ఒప్పందాన్ని చదివి వినిపించాడు. ఇందులో చాలా సంగతులు ఇప్పుడే వింటున్నానని, తమకు ఇలా చెప్పలేదని రెడ్ క్లౌడ్ అన్నాడు. కాగితం నకలు ఇవ్వబోతే తీసుకోలేదు. తర్వాత న్యూయార్క్‌లో కూపర్ యూనియన్ అనే సభాభవనంలో మాట్లాడాడు. పత్రికలు రాశాయి, జనం చప్పట్లు కొట్టారు. ఒత్తిడి పెరిగింది. మిస్సోరీ ఒడ్డుకు పోనవసరం లేదని ప్రభుత్వం ఒప్పుకుంది.

చూడండి, ఈసారి తుపాకీ లేదు. కాగితం విన్నాడు, తప్పు ఎక్కడుందో పట్టుకున్నాడు, శత్రు దేశంలోనే జనం ముందు నిలబడి చెప్పాడు, ఒక షరతు మార్పించాడు. అనుభవం పక్షం వాళ్ళు సంతోషించాల్సిన చోటు ఇది. అయితే చిక్కు ఏమిటంటే, అనుభవం వచ్చేసరికి బలం తరుగుతోంది. రైలు వచ్చేసింది. బైసన్ తోళ్ళ వ్యాపారం మొదలై మందలు కరుగుతున్నాయి. తిండి కోసం ఏజెన్సీ రేషన్ మీద ఆధారపడే రోజులు వస్తున్నాయి. 1866లో లేచి వెళ్ళిపోవడానికి ఆయనకు ఒక లోయ ఉంది. ఇప్పుడు లేస్తే ఎక్కడికి పోవాలి? ఆ మరుసటి ఏడు, 1871 మార్చి 3న, ఇకపై ఆదివాసీ జాతులతో ఒప్పందాలే చేయం అని అమెరికా చట్టం తెచ్చింది. మాట్లాడే బల్లనే తీసేశారు.

అనుభవం ముందే ఉన్న నాయకుడి సంగతి?

అనుభవం ముందు నుంచే ఉంటే బాగుండేదా? దానికీ ఒక ఉదాహరణ ఉంది. స్పాటెడ్ టెయిల్, బ్రూలే లకోటాల నాయకుడు. 1855లో లొంగిపోయి ఫోర్ట్ లెవెన్‌వర్త్‌లో బందీగా ఉన్నాడు. తెల్లవాళ్ళ సంఖ్య, ఆయుధాలు, పద్ధతులు దగ్గరగా చూశాడు. యుద్ధంతో గెలవలేం, మాటలతోనే మిగుల్చుకోవాలి అని తిరిగొచ్చాడు. 1868 ఏప్రిల్‌లోనే ఒప్పందం మీద గుర్తు పెట్టాడు.

ఒకరు బలంతో మొదలుపెట్టినవాడు, ఒకరు అనుభవంతో మొదలుపెట్టినవాడు. 1876లో ఇద్దరూ ఒకే కాగితం ముందు నిలబడ్డారు. వేరు వేరు దారుల్లో వచ్చి ఒకే గోడకు తగిలారు.

నల్ల కొండలు

1874లో జార్జ్ కస్టర్ సుమారు వెయ్యి మందితో నల్ల కొండల్లోకి వెళ్ళి బంగారం ఉందని కబురు పంపాడు. గని తవ్వేవాళ్ళు ఎగబడ్డారు. ఒప్పందం ప్రకారం వాళ్ళను ఆపాల్సింది ప్రభుత్వమే. 1875 సెప్టెంబర్‌లో ఒక కమిషన్ వచ్చి కొండల్ని 60 లక్షల డాలర్లకు అమ్మమంది, లేదా ఏటా 4 లక్షలకు కౌలుకు ఇవ్వమంది. రెడ్ క్లౌడ్ ఆ లెక్కకు ఒప్పుకోలేదు. ఏడు తరాల దాకా మా జనాన్ని పోషించే మాట చెప్పండి అన్నాడు. బంగారం విలువ తెలిసిన మనిషి బేరం అది. మాటలు తెగిపోయాయి.

ఆ నవంబర్‌లో గ్రాంట్ ప్రభుత్వం గుట్టుగా ఒక నిర్ణయం తీసుకుంది. గని తవ్వేవాళ్ళను సైన్యం ఇక ఆపదు. దూరంగా వేటలో ఉన్న లకోటాలు 1876 జనవరి 31లోగా ఏజెన్సీలకు రాకపోతే శత్రువులే అని హుకుం. నడి చలికాలంలో. యుద్ధం వచ్చింది. జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర కస్టర్ చనిపోయాడు. రెడ్ క్లౌడ్ ఈ యుద్ధంలోకి దిగలేదు, ఏజెన్సీలోనే ఉన్నాడు.

ఆగస్టులో అమెరికా పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. నల్ల కొండలు వదులుకోకపోతే రేషన్‌కు డబ్బు మంజూరు చేయం అని. అంటే యుద్ధంలో లేనివాళ్ళకు కూడా తిండి ఆపేస్తారు. కమిషన్ కాగితం పట్టుకుని వచ్చింది. రెడ్ క్లౌడ్, స్పాటెడ్ టెయిల్ ఇద్దరూ గుర్తు పెట్టారు. అక్టోబర్‌లో జనరల్ క్రూక్ సైన్యంతో వచ్చి రెడ్ క్లౌడ్ జనం గుర్రాలు, తుపాకులు లాక్కున్నాడు. ఇకపై నాయకుడు స్పాటెడ్ టెయిల్ అని తానే ప్రకటించాడు. 1877 ఫిబ్రవరి 28న కొండలు పోయినట్టు చట్టం అయ్యింది.

ఆకలితో ఉన్న పిల్లల ముందు నిలబడి గుర్తు పెట్టిన ముసలి నాయకుడిని పిరికివాడు అనడం తేలిక. మేము అనలేం. బలం లేక పెట్టాడా, అనుభవం లేక పెట్టాడా అంటే రెండూ కాదు. ఆయనకు అప్పటికి అనుభవం నిండా ఉంది. తిండి గిన్నె అవతలివాడి చేతిలో ఉంది, అంతే.

ఆ కాగితం చెల్లలేదు, ఎందుకంటే

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. 1868 ఒప్పందంలో 12వ అధికరణం అని ఒకటి ఉంది. ఈ నేలలో ఏ ముక్క వదులుకోవాలన్నా, ఆ జాతి పెద్ద వయసు మగవాళ్ళలో నాలుగింట మూడు వంతుల మంది సంతకం పెట్టాలి. లేకపోతే చెల్లదు. ఆడవాళ్ళను లెక్కలోకి తీసుకోకపోవడం ఆ కాలపు అన్యాయం, అది వేరే చెప్పుకోవాలి. కానీ ఈ షరతు వల్ల సంతకం నలుగురు నాయకుల చేతిలోంచి జనం చేతిలోకి వచ్చింది.

1876లో కమిషన్‌కు దొరికిన సంతకాలు పదో వంతు మాత్రమే. అయినా కొండలు తీసుకున్నారు. 1888లో రిజర్వేషన్‌ను ముక్కలు చేయడానికి ఒక కమిషన్ వచ్చింది. జనం సంతకం పెట్టలేదు. నాలుగింట మూడు వంతులు దొరకలేదు. కమిషన్ ఉత్త చేతులతో పోయింది. అప్పటికి లకోటాలకు సైన్యం లేదు, బైసన్ లేదు, గుర్రాలు కూడా సరిగా లేవు. అయినా ఒక ఏడాది ఆపగలిగారు. 1889లో జనరల్ క్రూక్ సభ్యుడిగా ఇంకో కమిషన్ వచ్చింది. ఈసారి అందరినీ ఒకచోట అడగకుండా ఒక్కొక్కరినీ విడిగా పట్టుకుని, విందులు పెట్టి, మాటలు ఇచ్చి సంతకాలు రాబట్టారు. రెడ్ క్లౌడ్ వద్దన్నాడు. జనం చీలారు. సుమారు 90 లక్షల ఎకరాలు పోయాయి. సంతకాలు అయ్యాక రేషన్ కూడా తగ్గించారు.

అయినా 12వ అధికరణం చావలేదు. 1923లో లకోటాల తరఫున కోర్టులో దావా పడింది. 1980 జూన్ 30న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నల్ల కొండలు తీసుకోవడం న్యాయమైన పరిహారం ఇవ్వకుండా లాక్కోవడమే అని. అసలు 1 కోటి 71 లక్షల డాలర్లు, 1877 నుంచి వడ్డీ కలిపితే 10 కోట్లు దాటింది. లకోటాలు ఆ డబ్బు తీసుకోలేదు. కొండలు అమ్మకానికి లేవు అన్నారు. ఇప్పుడు ఆ సొమ్ము 100 కోట్ల డాలర్లు దాటి ఖాతాలో అలాగే ఉంది. అమెరికాలో చాలా పేదవైన రిజర్వేషన్లలో బతుకుతూ వద్దంటున్నారు.

కాబట్టి మా జవాబు ఇది. బలం ఉంటే శత్రువు బల్ల దగ్గరికి వస్తాడు. అనుభవం ఉంటే కాగితంలో ఏముందో తెలుస్తుంది. రెండూ ఒకే సమయంలో ఉండాలి, అలా కుదరడం అరుదు. రెండూ నాయకుడితో పాటే ముసలివవుతాయి. నాయకుడు పోయాక కూడా నిలిచేది, ఒప్పుకోవడం కాదనడం అనే హక్కును జనం చేతిలో పెట్టిన షరతు. మంచి నాయకుడు ఆ షరతు రాయిస్తాడు, జనం చీలకుండా చూస్తాడు. రెడ్ క్లౌడ్ కోటల గురించి కొట్లాడి గెలిచాడు. కోటల కన్నా ఎక్కువ కాలం ఉపయోగపడింది ఆ 12వ అధికరణం.

మన సంగతి

మన "ఏజెన్సీ" అనే మాట కూడా ఊరికే రాలేదు. 1839 చట్టంతో గంజాం, విశాఖ కొండ ప్రాంతాలను గవర్నర్ ఏజెంటు పాలన కిందికి తెచ్చారు. అక్కడి నుంచి వచ్చిన పేరు. లకోటాల ఏజెన్సీ, మన ఏజెన్సీ ఒకటి కావు. మనం ఈ దేశ పౌరులం, మన ప్రభుత్వంతో మనది రెండు దేశాల మధ్య గొడవ కాదు. కానీ సంతకం ఎవరిది అన్న ప్రశ్న మాత్రం ఒకటే.

మన 12వ అధికరణం ఏదంటే, 1996 పీసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం, వాటిలో చెప్పిన గ్రామసభ. పక్క ఒడిశాలో నియంగిరి కొండ మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013లో మన సుప్రీంకోర్టు చెప్పింది. 12 ఊళ్ళలో సభలు పెట్టారు. డోంగ్రియా కోందులు, అక్కడి మిగతా జనం 12కి 12 చోట్లా వద్దన్నారు. ఆ 12 సభల్లో పేరున్న పెద్ద నాయకుడు ఎవరు అని అడిగితే చెప్పలేం. ఊరే నాయకుడు. 1889లో క్రూక్ చేసినట్టు ఒక్కొక్కరినీ విడిగా పట్టుకోవడం అక్కడ కుదరలేదు, ఎందుకంటే అందరూ ఒకేచోట కూర్చుని గట్టిగా చెప్పారు.

రెడ్ క్లౌడ్ గురించి ఇంకొక్కటి చెప్పి ముగిస్తాం. ముసలితనంలో ఆయన మా పిల్లలకు బడి కావాలని పట్టుబట్టాడు. 1888లో పైన్ రిడ్జ్‌లో జెస్యూట్ ఫాదర్లు బడి తెరిచారు. ఆ కాలపు బోర్డింగ్ బడులు ఆదివాసీ పిల్లల జుట్టు కత్తిరించాయి, సొంత భాష మాట్లాడితే శిక్షించాయి. ఆ గాయం అక్కడ ఇప్పటికీ ఉంది. అయినా ఆ ముసలాయన ఎందుకు అడిగి ఉంటాడో మాకు అర్థమవుతుంది. 1868లో కాగితం చదివి చెప్పడానికి సొంత మనిషి ఒక్కడు పక్కన ఉంటే ఎలా ఉండేదో ఆయనకు తెలుసు.

ఇప్పుడు ఆ పక్కన కూర్చోవాల్సిన వాళ్ళం మనమే. హాస్టల్లో ఉన్న ప్రతి ఒక్కరూ ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మూడు పనులు చేద్దాం. మన ఊరు షెడ్యూల్డ్ ఏరియాలో ఉందో లేదో, ఉంటే గ్రామసభ చివరిసారి ఎప్పుడు పెట్టారో కనుక్కుందాం. తీర్మానాల పుస్తకం అడిగి చూద్దాం. హాజరు పట్టీ మీద సంతకం వేరు, తీర్మానం మీద సంతకం వేరు అని పెద్దవాళ్ళకు, ముఖ్యంగా మన అమ్మలకు, విడమరిచి చెబుదాం. చదివింది మన భాషలో చెబుదాం, కోయలో అయితే కోయలో, గోండిలో అయితే గోండిలో, కువిలో అయితే కువిలో.

మీ ఊళ్ళో పూర్వం అధికారులతో మాటలకు కూర్చున్న పెద్దలు ఎవరైనా ఉంటే, వాళ్ళు ఏం అడిగారు, ఏం రాయించుకున్నారు, ఏం నిలబడింది అన్నది ఇంట్లో అడిగి ఇక్కడ రాయండి. మన దగ్గర కూడా చరిత్ర ఉంది. రాసుకోలేదు, అంతే.

జోహార్.